బాగా చూసుకుంటే ఇప్పటి స్పోర్ట్స్ కారు ఎన్నేళ్ళు వస్తుంది?

"60 వేల మైళ్ళు తిరిగిన పదేళ్ళ స్పోర్ట్స్ కారు ఒకటి చూశాను, సర్వీస్ రికార్డులన్నీ ఉన్నాయి, బాగా చూసుకుంటే ఇంకా ఎన్నేళ్ళు వస్తుంది" అని అడిగారు కదా. కళ్ళు మూసుకుని కొనుక్కోండి, ఇంకో పదిహేనేళ్ళు వస్తుంది, రెండు లక్షల మైళ్ళ దాకా ఢోకా లేదు. కాకపోతే దాన్ని నడపాలి, కొని గ్యారేజీలో దాచుకునేట్టయితే మాత్రం వద్దు.

నాది 2008 మాజ్డా మియాటా, ఎమ్ఎక్స్-5 అంటారే అదే, మూడో తరంది, గుడ్డ టాప్, ఆరు గేర్ల మాన్యువల్. 2014లో టెక్సాస్‌లో మా ఊరు ప్లేనోలో కొన్నప్పుడు 41 వేల మైళ్ళు, ఇప్పుడు 1,63,000 దాటింది. ఇన్నేళ్ళలో ఇంజిన్ ఒక్కసారి కూడా విప్పలేదు. క్లచ్ ఒకసారి మార్చాను, షాక్ అబ్జార్బర్లు ఒకసారి, టాప్ గుడ్డ ఒకసారి, అంతే. తొలి రెండు తరాల మియాటాల్లో టైమింగ్ బెల్ట్, అంటే ఇంజిన్ వాల్వులు సమయానికి తెరుచుకునేలా తిప్పే రబ్బరు పట్టీ, ఉండేది, 60 వేల మైళ్ళకి మార్చుకోవాలి, దీంట్లో చెయిన్ కాబట్టి ఆ బాధ కూడా లేదు. టెక్సాస్ ఎండలో రోజూ ఆఫీసుకి, ట్రాఫిక్‌లో, అన్నీ దీంట్లోనే. తిరగడం వల్ల దీనికి వచ్చిన జబ్బంటూ ఏదీ లేదండీ. వచ్చిన ఒక్క పెద్ద జబ్బూ నిలబెట్టడం వల్లే వచ్చింది.

2020 ఫిబ్రవరిలో నాన్నగారికి ఒంట్లో బాగాలేదని విజయవాడ వెళ్ళాను, మూడు వారాలని వెళితే మార్చిలో ఫ్లైట్లు ఆగిపోయాయి, తిరిగొచ్చేసరికి సెప్టెంబర్. తాళాలు మా బావమరిదికి ఇచ్చి వెళ్ళాను. పాపం వాడు ప్రతి ఆదివారం ఫ్రిస్కో నుంచి వచ్చి గ్యారేజీ తలుపు తీసి, ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేసి, "బావా, స్టార్ట్ చేశాను, బ్రహ్మాండంగా ఉంది" అని వీడియో పంపేవాడు. ఏప్రిల్ చివర్లో బ్యాటరీ పడిపోయింది, ఆ తర్వాత వాడూ రావడం మానేశాడు, అప్పటి పరిస్థితుల్లో వాణ్ణి అనడానికేం లేదు.

నేనొచ్చి బానెట్ ఎత్తితే గుప్పున ఎలకల కంపు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా మూత తీశాను, లోపల గూడు. బానెట్ కింద అతికించి ఉండే మెత్తటి షీటు ఉంటుంది కదా, దాన్ని పీకి దూదిలా చేసి గుండ్రంగా పేర్చాయి, మధ్యలో ఓక్ కాయల చిప్పలు. ఇంజిన్‌లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ల దగ్గర మూడు వైర్లు రాగి కనిపించేదాకా కొరికేశాయి. ఆయిల్ మూత తిప్పి చూస్తే అడుగున టీ మీద తొరకలా లేత గోధుమ రంగు జిగురు. అది చూసి నిజంగా ఏడుపొచ్చింది.

గార్లండ్‌లో నాకో మెకానిక్ ఉన్నాడు, వియత్నాం నుంచి వచ్చిన పెద్దాయన. ఆయన ఆ మూత వేలితో తుడిచి చూపించి చెప్పాడు, ఐదు నిమిషాలు నడిపితే ఇంజిన్ వేడెక్కదు, లోపల పట్టిన చెమ్మ ఆవిరై పోదు, కాలని పెట్రోలు ఆయిల్లో కలుస్తుంది, స్టార్ట్ చేయడానికి పోయిన కరెంటు కూడా బ్యాటరీకి తిరిగి రాదు. అంటే వాడు అసలు ముట్టుకోకపోయినా ఇంతకన్నా నయమే. బ్యాటరీ తీసి పక్కన పెట్టడమో, వెళితే వారానికోసారి హైవే మీద అరగంట తిప్పడమో, రెండే పద్ధతులు. ఆయిల్, వైరింగ్, ట్యాంకులో ఏడు నెలలు మురిగిన పెట్రోలు తీయడం, బ్యాటరీ, ఒకే చోట నిలబడి అడుగున చదునైపోయిన నాలుగు టైర్లు, అన్నీ కలిపి పదకొండు వందల డాలర్లు. అంతకు ముందు ఆరేళ్ళలో రిపేర్లకి అంత పెట్టలేదు నేను.

అందుకే "పదేళ్ళలో 9 వేల మైళ్ళే తిరిగింది, కొత్తదానిలా ఉంది" అని ఎగబడి కొనేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. రబ్బరు మైళ్ళు లెక్కపెట్టుకోదండీ, ఏళ్ళు లెక్కపెట్టుకుంటుంది. సీళ్ళు, బుష్‌లు, కూలెంట్ గొట్టాలు కదలకపోయినా ఎండిపోతాయి. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమ పీల్చుకుంటూనే ఉంటుంది, రెండేళ్ళకోసారి మార్చాల్సిందే. ఇంకోటి, గేర్‌బాక్స్ ఆయిల్ "లైఫ్‌టైమ్", మార్చక్కర్లేదు అని చెప్తారే, ఎవరి లైఫ్‌టైమ్? వారంటీ అయ్యేదాకానా? నేను 40 వేల మైళ్ళకోసారి మారుస్తున్నాను, గేరు ఇప్పటికీ వెన్నలా పడుతుంది.

న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలండ్‌లో ఇర్వ్ గార్డన్ అని సైన్స్ టీచర్ ఉండేవారు, 1966లో కొన్న వోల్వో పి1800 స్పోర్ట్స్ కూపేలో స్కూలుకి వెళ్తూ వస్తూ, దేశమంతా తిరుగుతూ, 2013 సెప్టెంబర్‌లో అలాస్కాలో 30 లక్షల మైళ్ళు పూర్తి చేశారు. ఆయనేం దాన్ని బొమ్మలా దాచుకోలేదు, రోజూ నడిపారు, టైముకి ఆయిల్ మార్చారు.

ఇప్పటి కార్లకి వేరే గొడవలున్నాయి, ఒప్పుకుంటా. డైరెక్ట్ ఇంజెక్షన్‌లో పెట్రోలు నేరుగా సిలిండర్‌లో పడుతుంది, గాలి లోపలికి వచ్చే ఇన్‌టేక్ వాల్వుల్ని పాత కార్లలోలా పెట్రోలు కడగదు, మసి పేరుకుంటుంది, వాల్‌నట్ చిప్పల పొడిని గాలితో కొట్టి శుభ్రం చేయిస్తే సరి, దానికి భయపడక్కర్లేదు. నాకు భయమల్లా స్క్రీన్లూ, కంప్యూటర్ బాక్సులూనే, ఇరవై ఏళ్ళ తర్వాత అవి పోతే ఎవరిస్తారు? ఈ విషయంలో మాజ్డాని మెచ్చుకోవాలి, మొదటి తరం మియాటాకి 2017లో జపాన్‌లో రెస్టోరేషన్ సర్వీస్ ప్రకటించి, ఆపేసిన పార్టులు కొన్ని మళ్ళీ తయారు చేయడం మొదలుపెట్టింది. ప్రతి కంపెనీ చేయాల్సిన పని అది.

మీరు చూసిన కారు దగ్గరికి వెళ్ళేముందు, నేనొచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని అమ్మేవాళ్ళకి చెప్పండి. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి, చల్లగా ఉండాలి, ముందే వేడి చేసి పెడితే చల్లటి ఇంజిన్ స్టార్ట్ అయ్యేటప్పటి లోపాలు బయటపడవు. టైరు పక్కన నాలుగంకెలు చూడండి, 2316 అంటే 2016లో 23వ వారం, అలాంటివి ఇంకా దానికే ఉంటే ఆ కారు నిలబడే ఉందన్నమాట. ఆయిల్ మూత తిప్పి అడుగు చూడండి. గుడ్డ టాప్ అయితే సీట్ల వెనక డ్రెయిన్ రంధ్రాల్లో అర గ్లాసు నీళ్ళు పోసి కిందకి కారుతున్నాయో లేదో చూడండి, అవి ఆకులతో మూసుకుపోతే నీళ్ళు లోపలే నిలిచి తుప్పు పడుతుంది. ఇవన్నీ బాగుంటే 60 వేలు కాదు, లక్ష తిరిగినదైనా బేరం ఆడి తెచ్చుకోండి.