ఏ టైప్‌కు ఏది విరుగుడు? పోకెమాన్ ఆటపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: పోకెమాన్ అనే ప్రాణులను పోరాడించే పోకెమాన్ వీడియో ఆటలో వాటర్ టైప్‌కు ఎలక్ట్రిక్ టైప్ విరుగుడని తెలిసి, అవతలివారు స్వాంపర్ట్‌ను దింపగానే నా పికాచు చేత థండర్‌బోల్ట్ వేయించాను. దానిమీద ఎలాంటి ప్రభావమూ లేదని తెరమీద వచ్చింది. అదే పికాచు అంతకుముందు గ్యారడాస్‌ను ఒక్క దెబ్బకే పడగొట్టింది. రెండూ వాటర్ టైప్‌వే అయినప్పుడు ఈ తేడా ఎందుకు వచ్చింది?
– ఒక డిగ్రీ విద్యార్థి, కరీంనగర్

జవాబు: మీరు చెప్పిన రెండింటికీ వాటర్‌తో పాటు మరొక టైప్ కూడా ఉంది. తేడా అంతా ఆ రెండో టైప్ వల్ల వచ్చిందే. ఈ ఆటలో మొత్తం 18 టైప్‌లు, అంటే స్వభావాన్ని బట్టి చేసిన వర్గాలు, ఉన్నాయి. ఒక పోకెమాన్‌కు ఒకటి గానీ రెండు గానీ టైప్‌లు ఉండవచ్చు, అది వేసే మూవ్‌కు (థండర్‌బోల్ట్ లాంటి దాడికి) మాత్రం సాధారణంగా ఒకటే ఉంటుంది. దెబ్బ పడే సమయంలో ఆట ఆ మూవ్ టైప్‌ను ఎదుటి పోకెమాన్‌కున్న ఒక్కొక్క టైప్‌తో విడివిడిగా సరిచూసి, ప్రతిదానికీ రెండు, ఒకటి, అర, సున్నాలలో ఏదో ఒక అంకెను తీసుకుని, చివరకు వాటిని గుణిస్తుంది. గ్యారడాస్ వాటర్, ఫ్లయింగ్ టైప్‌లకు చెందినది. ఎలక్ట్రిక్ ఆ రెండింటిమీదా రెట్టింపు కాబట్టి దెబ్బ నాలుగు రెట్లు పడింది. స్వాంపర్ట్ వాటర్, గ్రౌండ్ టైప్‌లది. ఇంటి ఎర్తింగ్‌లో కరెంటు భూమిలోకి పోయినట్టే గ్రౌండ్ టైప్ మీద ఎలక్ట్రిక్ మూవ్ విలువ సున్నా, రెండును సున్నాతో గుణిస్తే మిగిలేదీ సున్నాయే. స్వాంపర్ట్‌ను పడగొట్టాలంటే గ్రాస్ మూవ్ వేయండి, అది నాలుగు రెట్లు తగులుతుంది. అదే గ్రాస్ మూవ్ గ్యారడాస్ మీద మామూలు దెబ్బే, ఎందుకంటే ఫ్లయింగ్ దాన్ని సగానికి తగ్గిస్తుంది.

ప్రశ్న: డ్రాగన్ టైప్ గార్చాంప్ మీదికి ఐస్ టైప్ పోకెమాన్‌నే పంపాలా? నా దగ్గర అలాంటిది ఒక్కటీ లేదు.
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: పంపనవసరం లేదు. చాలామంది ఇక్కడే తికమక పడుతుంటారు. దాడి చేసేటప్పుడు చూడవలసింది మూవ్ టైప్‌ను, దెబ్బ కాచుకునేటప్పుడు చూడవలసింది పోకెమాన్ టైప్‌ను. పోకెమాన్ సొంత టైప్‌కు దాడిలో ఉన్న పాత్ర ఒక్కటే: తన టైప్‌కు చెందిన మూవ్ వేస్తే దాని బలం ఒకటిన్నర రెట్లవుతుంది. పై జాబులోని గ్యారడాస్‌నే తీసుకుందాం. దాని వాటర్‌ఫాల్ మూవ్ బలం 80. సొంత టైప్ కాబట్టి అది 120 అవుతుంది. గార్చాంప్ డ్రాగన్, గ్రౌండ్ టైప్‌లది కనుక వాటర్ మూవ్ ఒకదానిమీద సగం, రెండోదానిమీద రెట్టింపు అయి చివరకు 120 దగ్గరే నిలుస్తుంది. అదే గ్యారడాస్‌కు ఐస్ ఫ్యాంగ్ నేర్పి ఉంటే, దాని బలం 65 మాత్రమే, సొంత టైప్ లాభం కూడా ఉండదు. అయినా ఐస్ మూవ్ గార్చాంప్‌కున్న రెండు టైప్‌ల మీదా రెట్టింపు కాబట్టి లెక్క 260కి చేరుతుంది. పైగా ఐస్ టైప్ పోకెమాన్‌లు దెబ్బ కాచుకోవడంలో అంత గట్టివి కావు. ఆ టైప్ తట్టుకునేది ఐస్ మూవ్‌లను మాత్రమే. నన్నడిగితే ఐస్‌ను పోకెమాన్‌గా కంటే మూవ్‌గా దగ్గర పెట్టుకోవడమే మేలు.

ప్రశ్న: మా అబ్బాయి పోకెమాన్ టైప్‌ల పట్టికను గోడకు అంటించుకుని వల్లె వేస్తున్నాడు. నిప్పు మీద నీళ్లు గెలవడం అర్థమవుతుంది గానీ, పురుగులు మానసిక శక్తిని గెలవడమేమిటి? ఈ పట్టికలో అసలు తర్కం ఉందా?
– ఒక తల్లి, హైదరాబాద్

జవాబు: కొంత ప్రకృతి నుంచి వచ్చింది, కొంత ఆటలో సమతూకం కోసం పెట్టింది. నిప్పు గడ్డిని కాల్చడం, గాలిలో ఎగిరేదానికి భూకంపం తగలకపోవడం మొదటి కోవలోవి. సైకిక్ టైప్ కథ రెండో కోవలోది. 1996లో జపాన్‌లో మొదటి పోకెమాన్ ఆటలు వచ్చినప్పుడు టైప్‌లు 15 మాత్రమే ఉండేవి. సైకిక్‌కు విరుగుడుగా బగ్, ఘోస్ట్‌లను అనుకున్నారు గానీ, ప్రోగ్రామ్‌లో తప్పు దొర్లడంతో ఘోస్ట్ మూవ్‌లు సైకిక్ మీద అసలు పనిచేయలేదు. ఇక బగ్ మూవ్‌ల సంగతి చూస్తే, లీచ్ లైఫ్ బలం ఆనాడు 20 మాత్రమే, సైకిక్ అనే పేరుతోనే ఉన్న మూవ్ బలం 90. దానితో ఆ ఆటలలో సైకిక్‌కు ఎదురు లేకపోయింది. 1999లో వచ్చిన తర్వాతి ఆటలలో స్టీల్, డార్క్ టైప్‌లు చేరాయి. సైకిక్ మూవ్ డార్క్ మీద సున్నా కావడం ఆ పాత లోటును పూడ్చడానికే. డ్రాగన్‌లు చెలరేగాక, 2013లో వాటిని అదుపు చేసే ఫెయిరీ టైప్‌ను తెచ్చారు. ఆ ఏడాదే, అంతవరకు ఘోస్ట్, డార్క్ మూవ్‌లను తట్టుకునే స్టీల్‌కు ఆ రక్షణను తీసేశారు. గోడమీది పట్టిక 2013కు ముందుదైతే ఈ గళ్లు తప్పుగా ఉంటాయి, ఒకసారి చూడండి.

వల్లె వేయడం గురించి ఒక మాట. పట్టికలో 324 గళ్లున్నా వాటిలో 204 మామూలు దెబ్బలే. మిగిలినవాటిలో రెట్టింపు పడేవి 51, సగం పడేవి 61, సున్నాలు ఎనిమిది. ముందుగా ఆ ఎనిమిదీ నేర్చుకోమనండి: నార్మల్, ఘోస్ట్ మూవ్‌లు ఒకదానిమీద మరొకటి పనిచేయవు. ఫైటింగ్ ఘోస్ట్ మీద, ఎలక్ట్రిక్ గ్రౌండ్ మీద, గ్రౌండ్ ఫ్లయింగ్ మీద, పాయిజన్ స్టీల్ మీద, సైకిక్ డార్క్ మీద, డ్రాగన్ ఫెయిరీ మీద పనిచేయవు. మిగతావి ఆడుతుంటే వాటంతటవే వస్తాయి. 2016 నాటి ఆటల నుంచి, ఒకసారి ఎదురుపడిన పోకెమాన్ మీద ఏ మూవ్ ఎలా పనిచేస్తుందో పోరు సమయంలో ఆటే చూపిస్తోంది.

ప్రశ్న: ‘పోకెమాన్ గో’ అనే మొబైల్ ఆటకు కూడా ఇదే పట్టిక వర్తిస్తుందా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: వర్తిస్తుంది, అంకెలే వేరు. అక్కడ రెట్టింపుకు బదులు 1.6, సగానికి బదులు 0.625 లెక్క. సున్నా లేనే లేదు, దాని చోట సుమారు 0.39 ఉంటుంది. సొంత టైప్ లాభం 1.2 రెట్లు. అందువల్ల రెండు టైప్‌ల మీదా పనిచేసే దెబ్బ కూడా నాలుగు రెట్లు కాక 2.56 రెట్లే పడుతుంది. అయినా ఎంపిక మారదు. డ్రాగన్, ఫ్లయింగ్ టైప్‌లున్న రేక్వాజా రైడ్‌కు (ఆటగాళ్లు కలిసి ఒక బలమైన పోకెమాన్‌తో చేసే పోరుకు) వచ్చినప్పుడు ఐస్ మూవ్‌లున్న మామోస్వైన్‌ను దింపండి. ఇక్కడ ఐస్ దాని సొంత టైప్ కూడా కావడంతో ఆ 1.2 లాభం కూడా కలుస్తుంది.