క.సా.గు. దగ్గరే ఆగిపోయావు తమ్ముడూ

కావలి,
ఆదివారం రాత్రి

తమ్ముడూ,

సైన్, కాస్ లాంటివి కూడితే వచ్చే మొత్తం ఎంత దూరానికోసారి మళ్ళీ మొదటికొస్తుందో, అంటే దాని ఆవర్తనం ఎంతో, చెప్తూ నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఒకసారి ఒంగోలు నుంచి వస్తూ బస్సులో, ఇంకోసారి ఇంటికొచ్చాక కాగితం, పెన్ను పెట్టుకుని. భాష బాగుంది, తప్పుల్లేవు. కానీ మొదటి వాక్యంలోనే "మొత్తం ఆవర్తనం కావాలంటే విడివిడి ఆవర్తనాల క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) కట్టాలి" అని చెప్పేసి, కింద పన్నెండు లెక్కలు చేసి చూపించావు. ఆ పని ఇంటర్ గైడు చేస్తూనే ఉంది కదా, మళ్ళీ నువ్వెందుకు?

సైన్ 2ఎక్స్ ప్రతి 180 డిగ్రీలకీ మొదటికొస్తుంది, కాస్ 3ఎక్స్ 120కి. ఒకడు 180 చొప్పున, ఇంకొకడు 120 చొప్పున అడుగులేస్తూ పోతే మళ్ళీ ఇద్దరూ ఒకేచోట కాలు పెట్టేది 360 దగ్గర, వాడివి రెండడుగులు, వీడివి మూడు. ఇది చూపించాక క.సా.గు. అనే మాట నువ్వు చెప్పక్కర్లేదు, చదివేవాడే అంటాడు. కోణాల్ని రేడియన్లలో, అంటే పై లెక్కన, రాసి, లవాల క.సా.గు., హారాల గ.సా.భా. అంటూ పిల్లోడికి టెన్షన్ పెట్టొద్దు. డిగ్రీల్లో రాస్తే చాలాసార్లు ఆ భిన్నాల గొడవే ఉండదు.

అసలు సంగతి ఇప్పుడు చెప్తా. క.సా.గు. ఇచ్చేది ఒక ఆవర్తనాన్ని మాత్రమే, అన్నిటికంటే చిన్నది అదే అవుతుందని హామీ లేదు. సైన్ విలువ, కాస్ విలువ, రెండిటికీ మైనస్ గుర్తు తీసేసి కూడితే, విడివిడిగా రెండిటి ఆవర్తనమూ 180 కాబట్టి మొత్తానిదీ 180 అనే ఎవడైనా రాస్తాడు. నేనూ రాశాను, ఒక చిన్న పత్రికలో, అచ్చయ్యాక ఒక పాఠకుడు కార్డు ముక్క మీద ఒక్క లైను రాసి పంపాడు: "90 కలిపి చూడండి." చూశాను. 90 కలపగానే సైన్ కాస్ అవుతుంది, కాస్ సైన్ అవుతుంది, మొత్తం మాత్రం కదల్లేదు! వారం రోజులు ఎవరికీ ముఖం చూపించలేదనుకో. సైన్ స్క్వేర్, కాస్ స్క్వేర్ కూడితే ఇంకా విడ్డూరం, వచ్చేది 1, దానికి కనిష్ఠ ఆవర్తనమే లేదు. నీ పన్నెండు లెక్కల్లో ఇలాంటిది ఒక్కటీ లేదు, అదే నా కంప్లయింటు.

కాస్ ఎక్స్‌కి కాస్ రూట్ 2 ఎక్స్ కలిపితే "ఆవర్తనం లేదు" అని ఒక ముక్కలో దాటేశావు. ఎందుకు లేదో మూడు లైన్లలో వస్తుంది కదా. సున్నా దగ్గర మొత్తం 2. ఆవర్తనం ఉంటే ఇంకోచోట మళ్ళీ 2 రావాలి, కాస్ ఎప్పుడూ 1 దాటదు కాబట్టి అక్కడ రెండూ 1 కావాలి, అంటే ఆ దూరమూ, దానికి రూట్ 2 రెట్లూ రెండూ 360కి పూర్తి గుణిజాలు కావాలి. భాగించి చూడు, రూట్ 2 భిన్నమై కూర్చుంటుంది, అది ఎప్పటికీ భిన్నం కాదు కదా. వ్యాసం మొత్తంలో అందమైన చోటు అదే, దాన్నే వదిలేశావు.

ఉదాహరణకి గడియారం ముళ్ళు ఎందుకబ్బా, సముద్రం పక్కనే పెట్టుకుని? తుమ్మలపెంటలో పోటు వచ్చేది ఇట్టాంటి కూడికతోనే. సూర్యుడి వంతు 12 గంటలకోసారి, చంద్రుడి వంతు సుమారు 12 గంటల 25 నిమిషాలకోసారి. రెండూ కలిసొచ్చినప్పుడు అమావాస్యకీ పౌర్ణమికీ పోటు పెద్దది. ఇప్పుడు క.సా.గు. కట్టు: 720, 745 నిమిషాలకి 74 రోజుల 12 గంటలు వస్తుంది. 745ని 744 చేసి చూడు, 15 రోజుల 12 గంటలకి పడిపోతుంది! ఒక్క నిమిషం తేడాకి ఇంత. కొలిచిన అంకెలతో క.సా.గు. ఎంత పెళుసో దీనికంటే బాగా చూపించేది నాకు దొరకలేదు. పెద్ద పోటు పదిహేను రోజులకోసారి వస్తుంది కదా, అదే ఆవర్తనం అని మాత్రం రాసేయకు, ఆ రెండూ వేరు.

పన్నెండు లెక్కల్లో తొమ్మిది కొట్టేసి మళ్ళీ పంపు. టైటిల్ తర్వాత చూద్దాం.

మీ అన్న