మొదటి సెషన్ తర్వాత ఇంకా బరువెక్కింది

ప్రశ్న: మేడమ్, మాది నంద్యాల. మారతహళ్లిలో పీజీలో ఉంటూ ఉద్యోగం చేస్తున్నాను. పోయిన శనివారం మొదటిసారి థెరపిస్టు దగ్గరికి వెళ్లి, నాన్న గురించి చెబుతూ చాలాసేపు ఏడ్చాను. తేలికపడతాననుకుంటే, బస్సెక్కేసరికి తల దిమ్మెక్కింది. ఇంటి గుట్టు బయటపెట్టానని రాత్రంతా కుమిలిపోయాను. మళ్లీ వెళ్లాలా?
- ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: వెళ్లమ్మా. నువ్వు నాన్న పరువు తీయలేదు, నీ బాధ చెప్పుకున్నావు. ఏళ్ల తరబడి దాచుకున్నది గంటలో బయటికొస్తే ఒళ్లు అలసిపోతుంది. కొందరికి తలనొప్పి, కొందరికి ఎక్కడలేని నిద్ర, కొందరికి అసలేమీ అనిపించదు. నేను మొదటిసారి వెళ్లొచ్చిన రోజు జయనగర్‌లో మా ఇంట్లో చెప్పులు కూడా విప్పకుండా మంచం మీద కూర్చుండిపోయాను. చీకటిపడ్డాక చూస్తే, అక్కడ కళ్లు తుడుచుకున్న టిష్యూ పిడికిట్లోనే ఉండలా నలిగి ఉంది.

వచ్చేసారి ముందుగా ఈ సిగ్గు సంగతే చెప్పు. నాన్న గురించి ఇంగ్లీషులో చెప్పడం కష్టంగా ఉంటే తెలుగు వచ్చినవాళ్లు కావాలని అడుగు. మూడు నాలుగుసార్లయినా ఆ మనిషితో కుదరకపోతే మొహమాటపడకుండా మార్చుకో. సెషన్ ఉన్న సాయంత్రం ఆఫీసు కాల్స్ పెట్టుకోకు.

బతకాలనిపించని ఆలోచన వస్తే మాత్రం వచ్చే శనివారం దాకా ఆగొద్దు. 14416కి ఫోన్ చెయ్యి. 2022లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ అది. ఉచితం, అర్ధరాత్రయినా పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. హోసూరు రోడ్డులో నిమ్హాన్స్ మానసిక వైద్యశాల ఎమర్జెన్సీ కూడా రాత్రీపగలూ ఉంటుంది.