సర్వర్ల వివరాలు రాసిపెట్టుకోవడానికి ఏ సాధనం మంచిది?

ప్రశ్న: మా దగ్గర సుమారు నలభై సర్వర్లు ఉన్నాయి. ఎక్కువ భాగం డెబియన్, ఉబుంటు అనే లైనక్స్ రకాల మీద నడుస్తాయి, నాలుగైదు విండోస్‌వి. ఇంతకాలం వాటి వివరాలన్నీ ఒక ఎక్సెల్ షీట్‌లో రాసుకుంటూ వచ్చాం. ఆ షీట్‌ను మొదలుపెట్టిన ఉద్యోగి మానేసి వెళ్లాక, అందులో ఉన్నదానికీ సర్వర్లలో ఉన్నదానికీ పొంతన లేకుండా పోయింది. కొందరు వికీ పెట్టమంటున్నారు, కొందరు నెట్‌వర్క్, సర్వర్ల వివరాలను నమోదు చేసే నెట్‌బాక్స్ వాడమంటున్నారు, సర్వర్లను ఆటోమేటిక్‌గా సెటప్ చేసే యాన్సిబుల్ నేర్చుకుంటే డాక్యుమెంటేషన్ అవసరమే ఉండదని ఇంకొకరు అంటున్నారు. ఈ పని చూసేది మేం ఇద్దరమే. దేన్ని ఎంచుకోమంటారు?

జవాబు: మీకు సలహా ఇచ్చినవారు మూడు వేర్వేరు ప్రశ్నలకు జవాబు చెబుతున్నారు. ఏ సర్వర్ ఎక్కడుంది, దాని ఐపీ అడ్రస్ ఏమిటి, అది ఎవరి అవసరం కోసం నడుస్తోంది అన్నది మొదటి ప్రశ్న. ఈ క్షణాన దానిలో ఏ సెట్టింగ్ ఎలా ఉంది అన్నది రెండోది. అలా ఎందుకు పెట్టారు అన్నది మూడోది. మూడింటికీ జవాబులను ఒకే షీట్‌లో, అదీ చేత్తో రాయబట్టే మీకు ఈ చిక్కు వచ్చింది. రెండో ప్రశ్నకు జవాబు ఎప్పుడూ మెషీన్ నుంచే రావాలి. మనిషి రాసింది ఎంత శ్రద్ధగా రాసినా అర్ధరాత్రి చేసిన ఒక్క మార్పుతో పాతబడిపోతుంది. మూడో ప్రశ్నకు మాత్రం మనిషే జవాబు రాయాలి, దాన్ని ఏ సాధనమూ తీసివ్వలేదు. ఈ తేడా మనసులో పెట్టుకుంటే ఎంపిక చాలావరకు దానంతటదే తేలుతుంది.

మీరు మొదట పెట్టుకోవలసింది మీకు ఎవరూ చెప్పని ఈటీసీకీపర్. ఇది లైనక్స్ సర్వర్‌లోని సెట్టింగ్‌ల ఫైళ్లుండే ఈటీసీ (/etc) డైరెక్టరీని మొత్తంగా, ఫైళ్లలో ప్రతి మార్పు చరిత్రనూ దాచే గిట్‌లో పెడుతుంది. డెబియన్, ఉబుంటుల్లో ప్రోగ్రాములు వేసే ఏపీటీతో ప్యాకేజీ వేసే ముందు, వేసిన తర్వాత తనే కమిట్ చేస్తుంది, అంటే అప్పటి స్థితిని చరిత్రలో నమోదు చేస్తుంది. మధ్యలో ఎవరైనా చేత్తో మార్చి ఊరుకుంటే రోజుకోసారి దాన్నీ కమిట్ చేస్తుంది. గిట్ తనంతట తాను ఫైలు ఓనర్‌ను గుర్తుపెట్టుకోదు, పర్మిషన్లలో కూడా ఎగ్జిక్యూట్ బిట్‌ను (ఫైలును ప్రోగ్రామ్‌గా నడపవచ్చా అన్న గుర్తును) తప్ప పట్టించుకోదు కాబట్టి ఆ వివరాలను ఈటీసీకీపర్ వేరే ఫైలులో రాసి ఉంచుతుంది. నలభై సర్వర్లలో దీన్ని వేయడం పెద్ద పనేమీ కాదు. ఆ రోజు నుంచే, దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే ఎస్ఎస్‌హెచ్ సెట్టింగ్‌లో ఏ లైను ఏ తేదీన మారిందో ఒక్క కమాండ్‌తో తెలుస్తుంది.

అయితే సర్వర్ అంటే ఈటీసీ ఒక్కటే కాదు. ఒక డెబియన్ సర్వర్‌లో నాకు ఎదురైన సంగతి చెబుతాను. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో కనెక్షన్ల గరిష్ఠ సంఖ్యను 150కి మార్చమన్నారు. ఈటీసీలో ఉన్న ఫైలులో మార్చి, డేటాబేస్‌ను రీస్టార్ట్ చేసి చూస్తే 300 అనే చూపిస్తోంది. ఫైలులో 150 ఉంది, గిట్ చరిత్రలో 300 అన్న అంకె ఎక్కడా లేదు. అంతకుముందు ఎవరో డేటాబేస్ లోపలి నుంచి ఆల్టర్ సిస్టమ్ అన్న ఆదేశం ఇచ్చి ఉన్నారు. ఆ ఆదేశం తన విలువను డేటా డైరెక్టరీలో ఉండే ఆటో కాన్ఫ్ అనే మరో ఫైలులో రాస్తుంది, అసలు ఫైలులో ఏమున్నా దానిదే పైచేయి. డెబియన్‌లో ఆ డైరెక్టరీ ఈటీసీ కింద ఉండదు కాబట్టి ఈటీసీకీపర్‌కు అది కనిపించే అవకాశమే లేదు. నడుస్తున్న సెట్టింగ్‌లను చూపే పీజీ సెట్టింగ్స్ అన్న వ్యూలో ఆ విలువ ఏ ఫైలు నుంచి వచ్చిందో చూశాక గానీ నాకు సంగతి బోధపడలేదు. యూజర్ల క్రాన్‌ట్యాబ్‌లు (నిర్ణీత సమయాల్లో నడవాల్సిన పనుల జాబితాలు), ఆప్ట్ డైరెక్టరీలో వేసిన ప్రోగ్రాములు, కంటైనర్లను ఎలా నడపాలో చెప్పే డాకర్ కంపోజ్ ఫైళ్లు, సర్వర్ నడుస్తుండగా చేర్చి ఎక్కడా సేవ్ చేయని నెట్‌వర్క్ రూట్‌లు, ఫైర్‌వాల్ రూల్స్ కూడా ఇలాగే బయట ఉండిపోతాయి.

వీటి కోసం ఒక చిన్న స్క్రిప్ట్ రాసుకోండి. ప్యాకేజీల జాబితా, తెరిచి ఉన్న పోర్టులు, క్రాన్‌ట్యాబ్‌లు, రూట్‌లు, డేటాబేస్ సెట్టింగ్‌లు ప్రతి రాత్రి టెక్స్ట్ ఫైళ్లుగా ఒక గిట్ రిపాజిటరీలోకి చేరాలి. ఇందులో ఒక్క జాగ్రత్త ముఖ్యం: ప్రతిసారీ మారిపోయే ప్రాసెస్ నంబర్లు, అప్‌టైమ్, ఖాళీ మెమరీ వంటివాటిని తీసేసి, మిగిలిన లైన్లను అక్షర క్రమంలో పేర్చి దాచాలి. అలా చేయకపోతే రోజూ వందల లైన్లు మారినట్టు కనిపిస్తాయి, వారం తిరిగేసరికి ఆ డిఫ్‌ను (తేడాల జాబితాను) చూసేవారే ఉండరు. విండోస్ సర్వర్లలో ఈటీసీకీపర్ పనిచేయదు గనుక అక్కడ పవర్‌షెల్‌తో రోల్స్, షెడ్యూల్డ్ టాస్క్‌లు, ఫైర్‌వాల్ రూల్స్, గ్రూప్ పాలసీ రిపోర్టు తీసి అదే రిపాజిటరీలో పెట్టవచ్చు.

ఇక యాన్సిబుల్ సంగతి. 2012లో వచ్చిన ఈ సాధనం లైనక్స్ సర్వర్లతో ఎస్ఎస్‌హెచ్ ద్వారానే పనిచేస్తుంది, వాటిలో ఏజెంట్ అనే ప్రత్యేక ప్రోగ్రామ్ వేయనక్కరలేదు. ఇద్దరే ఉన్న చోట పపెట్, షెఫ్ వంటి ఇదే రకం సాధనాల కంటే దీన్నే ముందు చూడమంటాను. సర్వర్ ఎలా ఉండాలో ప్లేబుక్ అనే ఫైలులో రాసి, చెక్, డిఫ్ ఆప్షన్లతో నడిపితే ఏమీ మార్చకుండానే తేడాలు చూపిస్తుంది. కానీ ప్లేబుక్‌లో లేనిదాని గురించి దానికి ఏమీ తెలియదు. ఎవరైనా చేత్తో అదనంగా వేసిన సర్వీసు దాని కంటబడదు. అందువల్ల డాక్యుమెంటేషన్ అవసరమే ఉండదన్న మాట సగమే నిజం. పాత సర్వర్లన్నిటినీ ఒక్కసారిగా ప్లేబుక్‌లలోకి తేవాలని కూర్చోకండి. అన్నింటికీ ఉమ్మడిగా ఉండే యూజర్లు, టైమ్ సింక్, ఎస్ఎస్‌హెచ్ సెట్టింగ్‌లతో మొదలుపెట్టి, కొత్తగా కట్టే ప్రతి సర్వర్‌నూ దానితోనే కట్టండి.

డిజిటల్ ఓషన్‌లో పుట్టి 2016లో ఓపెన్ సోర్స్ అయిన నెట్‌బాక్స్ మంచి సాధనమే. ర్యాకులు, కేబుళ్లు, వీల్యాన్‌లు (ఒకే నెట్‌వర్క్‌ను విడదీసిన భాగాలు), ఐపీ రేంజ్‌లు మీ చేతిలోనే ఉంటే దానికి సాటి వచ్చేవి తక్కువ. కానీ దానికే పోస్ట్‌గ్రెస్, రెడిస్ అనే రెండు డేటాబేస్‌లు కావాలి. అంటే మీరు చూసుకోవలసిన నలభై ఒకటో సర్వర్ అదే అవుతుంది. మీ సర్వర్లు చాలావరకు వర్చువల్ మెషీన్లే అయితే సర్వర్ల జాబితా ఉండే యాన్సిబుల్ ఇన్వెంటరీ ఫైలే ఆ పని చేస్తుంది. పెద్ద సంస్థలు వాడే సీఎండీబీల (మొత్తం ఐటీ ఆస్తుల వివరాలు దాచే డేటాబేస్‌ల) జోలికి ఇప్పుడే వెళ్లవద్దు.

మిగిలింది వికీ. డాకువికీ అయితే పేజీలను మామూలు టెక్స్ట్ ఫైళ్లుగా దాస్తుంది, డేటాబేస్ అక్కరలేదు. గిట్‌లో మార్క్‌డౌన్ (తేలిక గుర్తులతో రాసే టెక్స్ట్) ఫైళ్లు రాసుకున్నా అంతే సుఖం. ఏదైనా సరే, దాని కాపీ మీ ఇద్దరి ల్యాప్‌టాప్‌లలోనూ ఉండాలి, ఎందుకంటే సర్వర్లన్నీ పడిపోయిన రోజున ఎలా లేపాలో రాసిన పేజీ ఆ సర్వర్లలోనే ఉంటే ప్రయోజనం లేదు. ఒక్కో సర్వర్‌కు అర పేజీ చాలు: అది చేసే పని, ఆగిపోతే ఎవరికి ఇబ్బంది, ఏ క్రమంలో స్టార్ట్ చేయాలి, బ్యాకప్ నుంచి ఎలా తేవాలి, వింతగా కనిపించే సెట్టింగ్‌లకు కారణం. ఉదాహరణకు, 'ఇందులో ఐపీవీ6 కావాలనే ఆపాం. పాత బిల్లింగ్ ప్రోగ్రామ్ దాన్ని అర్థం చేసుకోలేదు, ఆ ప్రోగ్రామ్ తీసేసిన రోజున మళ్లీ ఆన్ చేయవచ్చు' అన్న ఒక్క వాక్యం, సెట్టింగ్‌లన్నీ కాపీ చేసిన పది పేజీల కంటే విలువైనది. ఐపీ అడ్రస్‌లు, వెర్షన్ నంబర్లు ఈ పేజీలో రాయకండి. అవి మెషీన్ నుంచి వచ్చే ఫైళ్లలో ఉంటాయి.

రెండు నెలల తర్వాత ఒక సర్వర్‌ను ఎంచుకుని, రాసిపెట్టినది మాత్రమే చూసి దాన్ని ఖాళీ వర్చువల్ మెషీన్‌లో మళ్లీ కట్టమని మీ సహోద్యోగికి చెప్పండి. పక్కనే కూర్చున్నా నోరు విప్పకండి. ఆయన మిమ్మల్ని అడగబోయిన ప్రతి ప్రశ్నా రాతలో ఉన్న ఖాళీయే.

ప్రశ్న: సర్వర్ పాస్‌వర్డ్‌లను కూడా ఈ రాతల్లోనే పెట్టుకోవచ్చా? రిపాజిటరీ ఎలాగూ ప్రైవేటే కదా.

జవాబు: పెట్టవద్దు. పాస్‌వర్డ్ ఎక్కడ ఉందో రాయండి, పాస్‌వర్డ్‌ను మాత్రం కీపాస్ వంటి పాస్‌వర్డ్ మేనేజర్‌లో ఉంచండి. ప్లేబుక్‌లలో తప్పనిసరైతే యాన్సిబుల్ వాల్ట్‌తో ఎన్‌క్రిప్ట్ చేయండి. పైన చెప్పిన ఈటీసీకీపర్‌తోనూ ఈ ప్రమాదం ఉంది: పాస్‌వర్డ్ హ్యాష్‌లుండే షాడో ఫైలు, ఎస్ఎస్‌ఎల్ ప్రైవేట్ కీలు ఈటీసీలోనే ఉంటాయి కాబట్టి అవీ గిట్‌లోకి వెళతాయి. ఆ రిపాజిటరీని సర్వర్‌లోనే ఉంచితే రూట్ (సర్వాధికారాలున్న అడ్మిన్ యూజర్) తప్ప వేరెవరూ చదవలేరు. బయటి గిట్ సర్వర్‌కు పంపాలనుకుంటే ఆ ఫైళ్లను ముందే ఇగ్నోర్ జాబితాలో చేర్చాలి. ఇప్పటికే కమిట్ అయిపోయి ఉంటే, ఫైలును తీసేసి మరో కమిట్ చేసినంత మాత్రాన పాత చరిత్రలోంచి అది పోదు. ఆ పాస్‌వర్డ్‌లనూ కీలనూ మార్చవలసిందే.