ప్లాస్టిక్ రైలు మోడల్‌కి ఎయిర్‌బ్రష్‌తో (గాలితో రంగు చిమ్మే చిన్న పరికరం) రంగు కొట్టే ముందు ప్రైమర్ అవసరమా?

అవసరమే, ముఖ్యంగా అక్రిలిక్ రంగులు వాడేటప్పుడు. ఈ బోగీలను ఎక్కువగా పాలీస్టైరీన్ అనే ప్లాస్టిక్‌తో చేస్తారు. అది నున్నగా ఉంటుంది, రంగును పీల్చుకోదు. అందుకే ప్రైమర్ లేకపోతే, రంగు తగలకూడని చోట అంటించే మాస్కింగ్ టేప్ లాగగానే రంగు పొరలా ఊడి టేపుతో వచ్చేస్తుంది. ప్రైమర్ ప్లాస్టిక్‌ని పట్టుకుని, పైరంగుకి పట్టు ఇస్తుంది.

అడుగు రంగునూ అదే కప్పుతుంది. 1:87 స్కేలు (అసలు దానిలో 87వ వంతు సైజు) నల్ల గూడ్స్ వ్యాగన్‌పై నేరుగా పసుపు కొడితే మురికి ఆకుపచ్చగా తేలుతుంది. తెల్ల ప్రైమర్ మీద కొన్ని పలుచని కోటింగులకే నిండుగా వస్తుంది.

ప్రైమర్ వేస్తున్నాం కదా, కడగక్కర్లేదని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. అచ్చులోంచి తేలిగ్గా ఊడిరావడానికి పూసిన నూనె, వేలి జిడ్డు ఉంటే ప్రైమరూ నిలవదు. ముందు గిన్నెల సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. ప్రైమర్ మందంగా మాత్రం కొట్టొద్దు, ఆవగింజలో సగం కూడా ఉండని రివెట్లు పూడిపోతాయి.