మీ పొలం కౌలుతో చదువుతున్న పిల్ల

బాపట్ల జిల్లా నుంచి ఒక తల్లి రాసిన నాలుగు పేజీల ఉత్తరం సారాంశమిది:

“మా అమ్మాయి బెంగళూరు క్రైస్ట్ యూనివర్సిటీలో బీఏ సైకాలజీ రెండో సంవత్సరం చదువుతోంది. వయసు పందొమ్మిది. ఫీజు, పేయింగ్ గెస్ట్ (పీజీ) వసతి ఖర్చు కలిపి ఏడాదికి మూడు లక్షలు దాటుతోంది. మావారు ఎరువుల కొట్టులో గుమాస్తా కాబట్టి ఆ భారమంతా మా తమ్ముడే మోస్తున్నాడు. పది రోజుల కిందట అమ్మాయి క్రిస్మస్ పాటల బృందంలో కొవ్వొత్తి పట్టుకుని పాడుతున్న ఫొటో స్టేటస్‌లో పెట్టింది. అది చూసినప్పటి నుంచి తమ్ముడు మండిపడుతున్నాడు. పిల్ల మతం మారిపోతుందనీ, సంక్రాంతికి వచ్చినప్పుడు ఇక తిరిగి పంపకుండా దగ్గర్లో బీకాంలో చేర్చమనీ, లేకపోతే వచ్చే విడత ఫీజు కట్టననీ అంటున్నాడు. మావారేమో ‘అది మీ పుట్టింటి వ్యవహారం’ అని ఊరుకుంటున్నారు. అమ్మాయి ఆరేళ్లు సంగీతం నేర్చుకుని, ఇంటర్‌లో హాస్టల్‌లో వేసినప్పుడు మానేసింది. తమ్ముడికి ఒక్కడే కొడుకు, ఇంటర్ తర్వాత వాళ్ల వ్యాపారమే చూసుకుంటున్నాడు. మా పిల్లను తమ్ముడు చిన్నప్పటి నుంచీ ‘నా కోడలు’ అనే పిలుస్తాడు. నా పెళ్లప్పుడు నాన్న పసుపు కుంకుమల కింద ఇచ్చిన రెండెకరాల మాగాణి కూడా ఇరవై ఒక్క ఏళ్లుగా వాడే చూసుకుంటున్నాడు. కౌలు నేనెప్పుడూ అడగలేదు. పాస్‌బుక్ కూడా వాడి బీరువాలోనే ఉంది. క్రైస్తవుల యూనివర్సిటీలో హిందువుల పిల్లను చదివించడం తప్పా? పిల్ల మారిపోతుందా? తీసుకొచ్చేయమంటారా?”

అమ్మా,

మీరు అడిగిన మూడు ప్రశ్నలకూ జవాబు ‘కాదు, భయపడవద్దు, తీసుకురావద్దు’ అన్నంత చిన్నది. అయినా మీ మనసులో అనుమానం మిగలకూడదు కాబట్టి తెలిసిన నాలుగు విషయాలు చెప్పి, ఆ తర్వాత మీరు అడగని ప్రశ్నకు వస్తాను.

ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఏ విద్యాసంస్థలోనైనా విద్యార్థిని తన సమ్మతి లేకుండా మతబోధకు గానీ, ప్రార్థనకు గానీ హాజరు కమ్మని నిర్బంధించకూడదని మన రాజ్యాంగం 28వ అధికరణంలో రాసి ఉంది. విద్యార్థి మైనరైతే ఆ సమ్మతి సంరక్షకులు ఇవ్వాలి. మీ అమ్మాయి మేజరు కాబట్టి ఇవ్వడమైనా, ఇవ్వకపోవడమైనా ఆమె ఇష్టం. ఇక ఆ యూనివర్సిటీ నడిపేవారు నిన్న మొన్న వచ్చినవారు కారు. కేరళలో పుట్టిన సీఎంఐ అనే క్రైస్తవ సన్న్యాసుల సభ 1969లో క్రైస్ట్ కళాశాలగా దాన్ని మొదలుపెట్టింది, 2008లో దానికి డీమ్డ్ యూనివర్సిటీ హోదా వచ్చింది. ఆ సభ స్థాపకుల్లో ఒకరైన చావర కురియాకోస్ ఏలియాస్ 1846లో మాన్నానంలో సంస్కృత పాఠశాల పెట్టించారు. చర్చి ఉన్న ప్రతిచోటా ఒక బడి ఉండాలని 1864లో ఆదేశించినవారు కూడా ఆయనే. అంత దూరం ఎందుకు, విజయవాడలో మేరిస్ స్టెల్లా కళాశాలను సిస్టర్లు 1962లో ప్రారంభించారు. అప్పటి నుంచి కృష్ణా, గుంటూరు జిల్లాల హిందూ కుటుంబాల ఆడపిల్లలు అక్కడ ఎందరు చదువుకున్నారో మీ బంధువుల్లోనే వాకబు చేయండి. వాళ్లలో ఒకరైనా పెద్దవిడ మీ వీధిలోనే వరలక్ష్మీ వ్రతానికి తాంబూలం ఇస్తూ కనిపించవచ్చు.

నేను కూడా డిగ్రీ మూడేళ్లూ సిస్టర్లు నడిపే హాస్టల్‌లోనే ఉన్నాను. నా ట్రంకుపెట్టె మూత లోపలివైపు వేంకటేశ్వరస్వామి పటం అంటించుకుని, పొద్దున్నే పెట్టె తెరిచి దండం పెట్టుకునేదాన్ని. సాయంత్రం జపమాల వేళకు గంట మోగితే క్రైస్తవుల పిల్లలు ప్రార్థన గదికి వెళ్లేవారు, మిగిలినవాళ్లం వరండాలో చదువుకునేవాళ్లం. ఒకసారి నాకు జ్వరం వస్తే జావ తెచ్చిన వార్డెన్ సిస్టర్, తెరిచి ఉన్న పెట్టెలోకి చూసి, “నీ స్వామి దగ్గర పువ్వు వాడిపోయింది, మార్చు” అని తోటలోంచి ఒక నందివర్ధనం కోసుకొచ్చి నా చేతికిచ్చింది. ఆ సిస్టర్ ఇచ్చిన జావ రుచి, ఆ పువ్వు చల్లదనం నాకు ఇప్పటికీ గుర్తే. అందరి అనుభవమూ ఇలాగే ఉంటుందని నేను హామీ ఇవ్వలేను గానీ, పటం తీసెయ్యమని నాతో అక్కడ ఎవరూ అనలేదు.

రేపెప్పుడైనా మీ అమ్మాయి తన నమ్మకం గురించి వేరుగా ఆలోచించిందే అనుకుందాం. అప్పుడు ఆమె ఆ మాట మొదట మీతో చెప్పుకోగలగాలి. ఒక ఫొటో చూసి చదువు మాన్పించిన తల్లితో ఏ పిల్లా మనసు విప్పి మాట్లాడదు.

ఆ ఫొటో గురించి మీరే రాసి, మీరే గమనించని సంగతి ఒకటుంది. ఆరేళ్లు సంగీతం నేర్చుకున్న పిల్లను ఇంటర్ కోసం హాస్టల్‌లో వేశారు, అక్కడ పాట ఆగిపోయింది. మన ఊళ్లలో ఆ రెండేళ్లు పిల్లలు ఎలా గడుపుతారో మీకు నేను చెప్పనక్కరలేదు: తెల్లవారకముందే స్టడీ అవర్, రాత్రి పొద్దుపోయేదాకా స్టడీ అవర్, వారాంతంలో పరీక్ష. ఆ తర్వాత బెంగళూరు వెళ్లిన పిల్లకు పాడటానికి ఒక బృందం దొరికింది. పాట క్రిస్మస్‌ది కావచ్చు, పాడింది మాత్రం మీరు ఆరేళ్లు నెల నెలా జీతమిచ్చి నేర్పించిన గొంతు. పోయినేడు భాషా ఉత్సవం రోజున లంగా ఓణీ కట్టుకుని తెలుగు పిల్లలతో కలిసి దిగిన ఫొటో కూడా ఇదే స్టేటస్‌లో పెట్టిందని మీ ఉత్తరం రెండో పేజీలో ఉంది. అప్పుడు మీ తమ్ముడు ఏమన్నాడో మీరు రాయలేదు, బహుశా ఏమీ అని ఉండడు.

మధ్యలో తీసుకొచ్చేయడం ఎంత నష్టమో కూడా వినండి. ఆ యూనివర్సిటీలో 85 శాతం హాజరు తప్పనిసరి. అక్కడి పిల్లలు సీఐఏ అని పిలుచుకునే అంతర్గత పరీక్షలు, ప్రాజెక్టులు సెమిస్టర్ పొడవునా నడుస్తూనే ఉంటాయి. సంక్రాంతి తర్వాత మూడు వారాలు ఇంట్లో కూర్చోబెడితే, ఆ తర్వాత మీ మనసు మారి పంపినా, ఆ సెమిస్టర్ పరీక్ష రాయనిస్తారో లేదో తెలియని పరిస్థితి వస్తుంది. సైకాలజీ రెండో ఏడు చదువుతున్న పిల్లను బీకాంలో చేర్చడమంటే మళ్లీ మొదటి సంవత్సరంలో కూర్చోబెట్టడమే. బెంగళూరు సుద్దగుంటె పాళ్యలో ఒక పీజీ గదిని మరో ఇద్దరితో పంచుకుంటూ, కొత్త భాష మధ్య, కొత్త తిండి మధ్య ఏడాదిన్నర నెట్టుకొచ్చిన పిల్ల అది. ఆ కష్టాన్ని ఒక్క స్టేటస్ ఫొటోకు బదులుగా తీసేసుకునే హక్కు మేనమామకే కాదు, తల్లిగా మీకు కూడా లేదని నా అభిప్రాయం.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మీ నాలుగు పేజీల ఉత్తరంలో ‘తమ్ముడికి కోపం వస్తుంది’ అన్న మాట ఐదు చోట్ల ఉంది. ‘అమ్మాయి ఏమంటోంది’ అన్నది ఒక్క చోటా లేదు. ఆమెను అడిగినట్టు కూడా ఎక్కడా రాయలేదు. మీ ఇంట్లో సమస్య పిల్లకూ చర్చికీ మధ్య లేదమ్మా, మీకూ మీ తమ్ముడికీ మధ్య ఉంది. ఇరవై ఒక్క ఏళ్లుగా మీరు దాన్ని ప్రేమ అనుకుని లెక్క చూడకుండా వదిలేశారు.

మీ తమ్ముడు చెడ్డవాడని నేను అనడం లేదు. అక్క కూతురి ఫీజు కట్టే మేనమామలు అందరికీ ఉండరు. కానీ ‘నా కోడలు’ అని పిలుస్తున్నవాడికి, ఇంటర్‌తో చదువు ఆపిన తన కొడుకు పక్కన బెంగళూరులో సైకాలజీ చదివిన పిల్ల నిలబడదన్న బెంగ ఈపాటికి పట్టుకునే ఉంటుంది. దగ్గర్లో బీకాం చదివితే ఆ దూరం కొంత తగ్గుతుంది. మతం మాట నిజంగానే ఆయన భయం కావచ్చు, ఆ బెంగకు దొరికిన సాకు కావచ్చు, రెండూ కలిసి ఉండవచ్చు. ఏదైనా సరే, మేనరికం మాట ఎవరూ పైకి అనకుండా ఫీజు రూపంలో ముందుకు నడుస్తోంది. మీకు అది తెలుసు. తెలుసు కాబట్టే, నేను అడగకపోయినా, ఆయన కొడుకు సంగతి ఉత్తరంలో రాశారు.

మన ఇళ్లలో ఆడపడుచుకు పసుపు కుంకుమల కింద పొలం ఇస్తారు, కాగితం మీద పేరు రాస్తారు, ఆ పొలాన్ని అన్నదమ్ములే దున్నుకుంటారు. అక్క కౌలు అడిగితే పుట్టింటి గడప తొక్కే మొహం ఉండదేమోనని భయపడుతుంది. పండక్కి ఒక చీర, రెండు బస్తాల బియ్యం వస్తే చాలనుకుంటుంది. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకు సమాన వాటా ఉండాలని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్టం చేసింది, 2005లో ఆ హక్కు దేశమంతటికీ వచ్చింది. ఇన్నేళ్ల తర్వాత కూడా, వాటా సంగతి అటుంచి, మీ సొంత పేరు మీద ఉన్న రెండెకరాల పాస్‌బుక్ మరొకరి బీరువాలో ఉందని మీరు మామూలు విషయంలా రాయడం చూసి నాకు బాధ కలిగింది. మీ ఊళ్లో ఎకరం మాగాణికి కౌలు ఎన్ని బస్తాలో నాకంటే మీకే బాగా తెలుసు. రెండెకరాలకు ఇరవై ఒక్క ఏళ్ల కౌలు ఒక కాగితం మీద కూడి చూడండి. దాని పక్కన ఈ రెండేళ్లలో తమ్ముడు కట్టిన ఫీజు వేయండి. తమ్ముడు మోస్తున్నాడని మీరనుకుంటున్న బరువులో ఎంత భాగం మీ పొలానిదో అప్పుడు మీకే తెలుస్తుంది. మీ పిల్ల మేనమామ దయ మీద చదువుతోందని ఇన్నాళ్లూ ఆమెకు కూడా చెప్పి ఉంటారు, ఆ మాట దిద్దడం మీ బాధ్యత.

ఇది గొడవకు వెళ్లమని చెప్పడం కాదు. తోబుట్టువుల మధ్య ప్రేమ నిలవాలంటే లెక్క తేలి ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను. లెక్క తేలని చోట ఇచ్చేవాడు యజమాని అవుతాడు, పుచ్చుకునేవాళ్లు నోరెత్తలేకపోతారు. ముందు ప్రభుత్వ భూ రికార్డుల వెబ్‌సైట్ మీభూమిలో మీ సర్వే నంబరు వేసి 1బి (భూమి హక్కుల పత్రం), అడంగల్ (సాగు వివరాల పత్రం) చూడండి. అడంగల్‌లో పట్టాదారు గడిలో మీ పేరు ఉంటే సరిపోదు, అనుభవదారు గడిలో ఎవరి పేరు ఉందో కూడా చూసుకోండి. చేత కాకపోతే సచివాలయంలోనో, మీసేవలోనో నకలు అడగండి. ఆ తర్వాత ఒక మంచి రోజు చూసుకుని, మీవారిని వెంటబెట్టుకుని తమ్ముడి ఇంటికి వెళ్లండి. మీవారు ‘పుట్టింటి వ్యవహారం’ అని పక్కకు తప్పుకోవడానికి వీల్లేదు. పిల్ల ఆయనకు కూడా కూతురే, ఆ మాట ఆయనతో మీరే అనాలి. తమ్ముడితో మెత్తగానే మాట్లాడండి: “ఇన్నాళ్లూ మా పొలం చూశావు, పిల్లను చదివించావు, ఆ మేలు మరిచిపోము. ఈ పంట నుంచి కౌలు మాకు ఇవ్వు, పాస్‌బుక్ కూడా ఇవ్వు, పిల్ల ఫీజు మేము కట్టుకుంటాం.” పెళ్లి మాట ఆయన ఎత్తినా, ఎత్తకపోయినా, “పిల్ల చదువు పూర్తయ్యేదాకా ఆ ప్రస్తావన వద్దు, ఆ తర్వాత అది తనే చెప్పాలి” అని ఒక్కసారి స్పష్టంగా చెప్పి ఆపేయండి. కోపం వస్తుంది. రానివ్వండి. ఇరవై ఒక్క ఏళ్లలో మీరు ఆయనను అడుగుతున్నది ఇదే మొదటిసారి కదా, అలవాటు పడటానికి ఆయనకూ కొంత కాలం పడుతుంది.

రెండెకరాల కౌలు ఒక్కటే ఏడాది ఖర్చుకు చాలదు, నిజమే. మిగిలిన దానికి చదువు అప్పు ఉంది. నాలుగు లక్షల వరకు బ్యాంకులు మామూలుగా ఆస్తి తాకట్టు అడగవు. తల్లో, తండ్రో కలిసి సంతకం చేస్తే చాలు. చదువు అయిపోయి మరో ఏడాది గడిచేదాకా వాయిదాలు మొదలుకావు. కోర్సు మధ్యలో ఉన్నా దరఖాస్తు చేసుకోవచ్చు. చదువు అప్పుల కోసం ఉన్న విద్యాలక్ష్మి వెబ్‌సైట్‌లో మీ అమ్మాయే ఫారం నింపగలదు. అప్పు పేరు వింటే మీకు భయం వేస్తుందని తెలుసు. బ్యాంకు వడ్డీ అడుగుతుంది గానీ, పిల్లను కోడలిగా ఇమ్మని అడగదు.

సంక్రాంతికి అమ్మాయి రాగానే మొదటి రోజే ఈ మాటలేవీ ఎత్తకండి. కడుపునిండా తిననిచ్చి, నిద్రపోనిచ్చి, మర్నాడు ఆ క్రిస్మస్ పాట ఒకసారి పాడమని అడగండి. ఆ తర్వాత తను మానేసిన పాత కీర్తన కూడా అడగండి. పీజీలో ఎలా ఉంది, ఎవరితో తింటోంది, తరగతిలో ఏం నచ్చింది, ఏం కష్టంగా ఉంది, అన్నీ అడగండి. మతం మాట తనంతట తను తెస్తే వినండి. ఆ తర్వాత పొలం సంగతి, లెక్క కాగితం ఆమె ముందు పెట్టండి. సంతకం పెట్టాల్సిన అప్పు తనది కూడా కాబట్టి ఆమెకు అన్నీ తెలియాలి.

వచ్చే విడత ఫీజు ఏ తేదీలోగా కట్టాలో మీరు రాయలేదు. ఈరోజే అమ్మాయికి ఫోన్ చేసి కనుక్కోండి. ఫీజు వివరాల కాగితం, తను అక్కడ చదువుతున్నట్టు ధ్రువపత్రం, ఇప్పటివరకు వచ్చిన మార్కుల జాబితాలు పండక్కి వచ్చేటప్పుడే వెంట తెమ్మనండి. బ్యాంకులో మొదట అడిగేవి అవే.