ఇల్లు అమ్మండి, పొలం మాత్రం ఆగండి

నరసన్నపేట

చి.ల.సౌ. అమ్మడికి,

పెదనాన్న దీవించి రాసేది. విజయనగరం ఇల్లు, ఆమదాలవలస దగ్గరి పొలం రెండూ తెగనమ్మి ఆస్ట్రేలియా వెళ్ళిపోతామని అల్లుడు ఫోన్ చేశాడు. వెళ్ళండి, సంతోషమే. కానీ రెండింటినీ ఒకే గాటన కట్టొద్దు. రిజిస్ట్రార్ ఆఫీసు ముందు దస్తావేజులు రాసి బతికినవాణ్ణి కాబట్టి చెప్తున్నాను.

ఇల్లు వెళ్ళే ముందే అమ్మేయండి. ఇక్కడ ఉన్నవాళ్ళు అమ్మితే, ధర 50 లక్షలు, ఆపైన ఉన్నప్పుడే కొన్నవాడు మీకిచ్చే ధరలోంచి 1 శాతం టీడీఎస్, అంటే ముందస్తు ఆదాయపన్ను, పట్టుకోవాలి. ఎన్నారై అయ్యాక అమ్మితే ఆ 50 లక్షల హద్దు ఉండదు, పట్టుకునేదీ చాలా ఎక్కువ. ఎక్కువ పట్టుకున్నది రిటర్న్ వేసి తెచ్చుకోవచ్చనుకో. కానీ ఆ గొడవ చెవిన పడగానే కొనేవాడు జారుకుంటాడు, లేదా ధర దించుతాడు. ఆషాఢంలో మనవైపు రిజిస్ట్రేషన్లకి ఎవరూ ముందుకు రారు, ఆ నెల వదిలేసి లెక్కేసుకో.

ఇంకో సంగతి. దస్తావేజులో సగం ధర చూపించి మిగతాది చేతికిస్తాం అనేవాళ్ళే ఎక్కువ వస్తారు. స్టాంపు డ్యూటీ మిగులుతుందని తీపిగా చెప్తారు. ఆ నోట్ల కట్టలు విమానమెక్కించలేవు, బ్యాంకులో వేస్తే ఎక్కడివని అడుగుతారు. స్థిరాస్తి అమ్మకానికి 20 వేలు, ఆపైన నగదుగా తీసుకుంటే అంత మొత్తమూ జరిమానాగా కట్టించొచ్చు. ధర కాస్త తగ్గినా సరే, మొత్తం బ్యాంకు ద్వారా ఇచ్చేవాడికే ఇవ్వు.

పొలం సంగతి వేరు. ఎన్నారై అయ్యాక వ్యవసాయ భూమి కొనడానికి ఫెమా, అంటే విదేశీ మారక చట్టం, ఒప్పుకోదు. ఉన్నది ఉంచుకోవచ్చు, ఇక్కడ నివాసం ఉన్నవాళ్ళకి అమ్ముకోవచ్చు. అంటే ఇప్పుడు అమ్మేసి, అక్కడ మనసు కుదరక 'ఊళ్ళో ఓ ఎకరం కొందాం' అనుకుంటే కుదరదు. ఇల్లయితే ఎప్పుడైనా కొనుక్కోవచ్చు. అందుకే పొలం ఆపమంటున్నాను. కౌలుకిస్తే 11 నెలల పత్రం రాయించు, నోటిమాట మీద వదలొద్దు.

అమ్మినా, ఉంచినా ముందు 1బీ (భూమి ఎవరిదో చెప్పే రికార్డు), అడంగల్ (సాగు వివరాల రికార్డు), ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపే పత్రం) తీయించు. పొలం పాస్‌బుక్ ఇంకా మీ మామగారి పేరు మీదే ఉందని నా అనుమానం. ఆయన వీలునామా రాయకుండా పోయారు, కాబట్టి మీ అత్తగారికీ ఆడపడుచులిద్దరికీ వాటా ఉంది. 'పెళ్ళికి కట్నాలిచ్చాం కదా' అంటాడు అల్లుడు. చట్టం అలా అనదమ్మా. వాళ్ళని పండక్కి పిలిచి, భోజనాలయ్యాక నువ్వే మాట కదుపు. మీ ఆయన మొదలుపెడితే తగువవుతుంది.

పవరాఫ్ అటార్నీ రాస్తే ఫలానా పనికి మాత్రమే అని రాయించు. అన్ని అధికారాలూ ఒకరికి కట్టబెట్టే జనరల్ కాగితం నీ తమ్ముడికైనా వద్దు, ఈ మాట మీ నాన్న విన్నా సరే. వెళ్ళాక కాన్సులేట్‌లో చేయించి పంపొచ్చు గానీ, వెళ్ళే ముందు ఇక్కడే రిజిస్టర్ చేయించుకుంటే తిప్పలుండవు. బ్యాంకులో మాత్రం ఎన్నారై అయినట్టు చెప్పి, పాత ఖాతాని ఎన్ఆర్ఓగా, అంటే ఎన్నారైలు ఇక్కడి రాబడి వేసుకునే ఖాతాగా, మార్పించుకో.

సామాన్లు పెద్ద బెంగ కాదు. మంచాలు, సోఫాలు ఇచ్చేయ్, వాటికొచ్చే డబ్బుకి ఆశపడకు. బుడితి ఇత్తడి బిందెలు, కంచు గిన్నెలు ఆడపడుచులకి పంచు, సంతకాల వేళ అదీ కలిసొస్తుంది. అత్తగారి బీరువా ఆవిడ చేతే తెరిపించు, ఆవిడ లేనప్పుడు ముట్టుకోకు. అటకమీది తాళపత్రాలు పెట్టెలో పెట్టుకెళ్ళకండి. 75 ఏళ్ళు దాటిన రాతప్రతులు, 100 ఏళ్ళు దాటిన కళాఖండాలు దేశం దాటించడం నేరం. ఆస్ట్రేలియా వాళ్ళు తిండి సరుకులతో మహా కచ్చితం. ఆవకాయ, సున్నుండలు, విత్తనాలు, ఏవున్నా అక్కడిచ్చే కార్డులో రాయాలి. దాస్తే జరిమానా వేస్తారు. గోంగూర విత్తనాల మీద ఆశ వదులుకో.

ఈసీ రాగానే వాట్సాప్‌లో పెట్టు, చూసి చెప్తాను. అంతవరకు ఎవరి దగ్గరా బయానా పుచ్చుకోవద్దని అల్లుడికి చెప్పు.

ఇట్లు,
పెదనాన్న